పేరు చేర్చే ముందు ఒక ఫోన్

ప్రింటర్ నుంచి అప్పుడే వచ్చిన కాగితాల వెచ్చదనం వేళ్ళకు తగిలితే చాలు, ఇప్పటికీ నా గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఈ ఉదయం పాయా లేబర్‌లోని మా ఆఫీసులో అదే జరిగింది. ఒక్కసారిగా సుభాషిణి గారు గుర్తుకొచ్చారు. ఆమె నా మొదటి బాస్. అనంతపురం మనిషి. సింగపూర్‌లో పాతికేళ్ళు గడిపినా ఆ యాస వదల్లేదు. రోజూ ఊరికి ఆ చివరనున్న యూ టీ నుంచి రైల్లో అందరికన్నా ముందు వచ్చి, ఆఫీసులో లైట్లన్నీ తనే వేసేవారు.

అప్పటికి నేను చదువు ముగించి, క్లెమెంటిలో అద్దె గదిలో ఉంటూ కొత్తగా ఉద్యోగంలో చేరాను. పెట్టుబడులు పెట్టేవాళ్ళకు కంపెనీల సమాచారం సేకరించి ఇవ్వడం మా పని. ఒకసారి ఒక విదేశీ రాష్ట్ర ప్రభుత్వం మాకొక పని అప్పగించింది. రెండు పక్షాలు నాదంటే నాదని కొట్లాడుకుంటున్న ఒక ప్రాంతం ఉంది. అక్కడ సరుకు అమ్మబోమని బహిష్కరించిన కంపెనీల్లో తమ ఉద్యోగుల పింఛను నిధిని పెట్టకూడదని ఆ ప్రభుత్వం చట్టం చేసింది. అలాంటి కంపెనీల జాబితా మేం తయారుచేయాలి. అందులో పేరు పడితే ఆ కంపెనీ వాటాలన్నీ అమ్మేస్తారు. నాకు ఆ చట్టం నచ్చలేదు. తమకు తప్పనిపించిన చోట అమ్మకపోతే శిక్షించడమేమిటని మనసులో అనుకున్నాను. అయినా అది నా మొదటి పెద్ద పని, ఉత్సాహం ఆగలేదు. రెండు వారాలు వార్తలన్నీ జల్లెడ పట్టి, జాబితా పంపాల్సిన రోజు మధ్యాహ్నం ఆమె ముందు పెట్టాను.

ఆమె వేలు మూడో పేరు దగ్గర ఆగింది. యూరప్‌లో నీటి ఫిల్టర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీ అది. బహిష్కరించిందని పత్రికలన్నీ రాశాయని చెప్పాను.

“వాళ్ళ గురించి రాసింది చదివినావు. వాళ్ళు రాసింది చదివినావా?” అని అడిగారు.

చదవలేదు. గడియారం మూడు దాటింది, ఆరింటికల్లా జాబితా వెళ్ళాలి. ఆమె కోప్పడలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, ఆ కంపెనీ వార్షిక నివేదికలు సగం తను తీసుకుని సగం నాకిచ్చారు. ఒక పేజీ అడుగున నాకే దొరికింది: ఆ ప్రాంతంలో తమ సరుకు తీసుకునే ఒకే ఒక్క వ్యాపారి వయసు మీదపడి దుకాణం మూసేశాడట, కొత్తవాళ్ళ కోసం వెతుకుతున్నారట. అంటే అక్కడ అమ్మకం ఆగింది బహిష్కరణ వల్ల కాదన్నమాట! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది చాలదు, ఫోన్ చేసి కనుక్కోమన్నారు ఆమె. అక్కడ అప్పుడే ఆఫీసులు తెరిచే వేళ. ఫోనెత్తిన ఆవిడ మొదట అనుమానంగా మాట్లాడింది. విషయం అర్థమయ్యాక ఆధారాలు పంపుతానంది. తమ మీద అలాంటి మాట ఉందని తెలుసు గానీ, ఇంతవరకు తమనెవరూ అడగలేదంది. ఐదున్నరకు ఆవిడ పంపిన కాగితాలు వచ్చాయి. కొత్త వ్యాపారి కావాలని ఆ ప్రాంతపు పత్రికలోనే వేయించిన ప్రకటన, ముగ్గురు వ్యాపారులతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు. ప్రింట్ తీసుకుని పరుగెత్తుకొచ్చాను. ఆ పేరు కొట్టేస్తుంటే కాలేజీలో మొదటి ర్యాంకు వచ్చిన రోజు కూడా అంత సంతోషం కలగలేదనిపించింది.

ఆ ఊపులోనే ఇంకో పేరు కూడా కొట్టేయబోయాను. అది ఒక బూట్ల కంపెనీ. ఆ వివాదం తేలేదాకా అక్కడ అమ్మబోమని తమ వెబ్‌సైట్‌లోనే, యజమానురాలి సంతకంతో ప్రకటించింది. వాళ్ళ ధైర్యం నాకు నచ్చింది. వాక్యం కాస్త అస్పష్టంగా ఉంది, వదిలేయవచ్చని వాదించాను.

సుభాషిణి గారు నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. “ఆ మాట దాచిపెట్టమని వాళ్ళు నిన్ను అడగలేదు కదమ్మా. సంతకం పెట్టి మరీ చెప్పినారు. నువ్వు దాన్ని లేనట్టు చేస్తే వాళ్ళకు మేలు చేసినట్టు కాదు.”

ఆ పేరు ఉంచాను. పక్కన వాళ్ళ వాక్యాన్ని అక్షరం మార్చకుండా రాశాను. ఆరుకు రెండు నిమిషాల ముందు జాబితా వెళ్ళింది.

కొన్ని వారాలకు ఆ పింఛను నిధి బూట్ల కంపెనీ వాటాలు అమ్మేసిందని తెలిసింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. మనం ఇలాంటి జాబితాలు చేయకూడదని పై అధికారులకు ఒక ఉత్తరం రాశాను. పంపే ముందు, చిన్న చిన్న తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో, సుభాషిణి గారు టిష్యూ ప్యాకెట్ పెట్టి ‘చోప్’ చేసిన, అంటే మాకోసం ఆపి ఉంచిన బల్ల దగ్గర, ఆమెకు చూపించాను. ఆ చట్టం గురించి ఆమె ఏమనుకుంటున్నారో అప్పటిదాకా నాకు తెలియదు. నిదానంగా చదివి, రెండు తప్పులు దిద్దారు.

“నాకైతే ఆ చట్టంలో తప్పు కనపడల్యా,” అన్నారు. “వాళ్ళ ఫండ్, వాళ్ళ ఇష్టం. కానీ బాగా రాసినావు. కింద నీ పేరు పూర్తిగా రాసి పంపు.”

నేను కింద ‘ఒక ఉద్యోగి’ అని మాత్రమే రాసుకున్నాను. అది కొట్టేసి, ఇంటిపేరుతో సహా రాశాను. ఆ సాయంత్రమే పంపేశాను.

కంపెనీ ఆ పని ఆపలేదు. ఇష్టంలేనివాళ్ళు తప్పుకోవచ్చని మాత్రం జవాబిచ్చింది. నేను తప్పుకోలేదు. తప్పుకుంటే ఆ ఫోన్లు ఎవరు చేస్తారన్న ఆలోచన నన్ను పట్టి ఉంచింది. సుభాషిణి గారు రిటైరయ్యాక ఆ జాబితాలు నా బల్ల మీదికే వచ్చాయి. చట్టం మీద నా అభిప్రాయం మారలేదు. ఆ ఉత్తరాన్ని ఏటా నా పూర్తి పేరుతో మళ్ళీ పంపుతూనే ఉన్నాను. చేర్చబోయే ప్రతి పేరుకూ ముందు ఒక ఫోన్ చేస్తాను, నేను మెచ్చే కంపెనీ అయినా, నాకు గిట్టని కంపెనీ అయినా. అవతల రింగవుతున్నంతసేపూ, వాళ్ళ నోట ఏం వినబోతున్నానో తెలియక నిటారుగా కూర్చుంటాను. ఇన్నేళ్ళయినా ఆ ఆత్రం తగ్గలేదు.