కాలిన తలుపు మేకులు

లౌస్త్ నోట "తెలీదు" అన్న మాట నేనెప్పుడూ వినలేదు. మొన్న శనివారం విన్నాను. ఇంకా తేరుకోలేదు.

డెన్మార్క్‌లోని మా మోర్స్ దీవిలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల వెంట తిరిగే పిచ్చి మాలో కొందరికి ఉంది. అందరమూ వెండి కోసమో కంచు కోసమో ఆశపడే బాపతే. ఇనుము తగిలితే యంత్రం కూయకుండా మీట నొక్కి పెట్టుకుంటాం. లేకపోతే ఈ పొలాల్లో అడుగడుగునా కూతే, తవ్వితే తుప్పే. ఆ మీట నొక్కనివాడు లౌస్త్ ఒక్కడే. మేమంతా చెవులు మూసుకుని నడిచే దద్దమ్మలమని వాడి అభిప్రాయం.

వాడు కమ్మరి కొడుకు. వయసంతా పాల ఫ్యాక్టరీలో జున్ను తిరగేస్తూ గడిపాడు కానీ, మనసు మాత్రం నాన్న కొలిమి దగ్గరే ఉండిపోయింది. చూపు మందగించి కారు నడపడం మానేశాక వాణ్ణి పొలాలకి తీసుకెళ్ళే పని నాకు పడింది. నా కారు వెనక సీటు రంగేమిటో నేనే మర్చిపోయాను, అంత బురద.

ఎవరికి ఏ తుప్పుముక్క దొరికినా లౌస్త్ చేతిలో పెట్టాల్సిందే. అరచేతిలో ఎగరేసి బరువు చూస్తాడు. గోటితో గీకుతాడు. చివరికి నాలుక కొస తాకిస్తాడు.

"ఛీ, పందుల రొచ్చు చల్లిన నేలరా అది!" అని నేను తిట్టని వారం లేదు.

"ఇనుముకి లేని రోత నీకెందుకు, బీర్తా?" అంటాడు. ఆ తర్వాత తీర్పు వస్తుంది. ఇది దంతె పన్ను. ఇది లాడం మేకు. ఇది బండి చక్రానిది, ఇరుసు పక్కది. ఒక్కోసారి ఏ ఊరి కమ్మరి కొట్టాడో కూడా చెప్పేవాడు. ఎదురు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు, ఎందుకంటే తప్పని తేలిన రోజు లేదు.

మేం ఎక్కువగా తిరిగేది క్రెస్తెన్ పొలంలో. అతనిది ఒకటే షరతు. దొరికిన ఇనుమంతా గేటు దగ్గరున్న బకెట్లో వెయ్యాలి, మళ్ళీ మట్టిలో పారేయకూడదు. ట్రాక్టర్ టైర్లు పంచరవుతాయని అతని బాధ. టైర్లలో గుచ్చుకున్నవి అతను కూడా పీకి ఆ బకెట్లోనే వేస్తాడు. నిండగానే పాత ఇనుప సామాను వాడికి పోస్తాడు. ఎన్ని బకెట్లు అలా పోయాయో ఎవరికీ లెక్క లేదు.

రెండేళ్ళ కిందట క్రెస్తెన్ తన పందుల రొచ్చుకి పెద్ద కాంక్రీటు ట్యాంకు కట్టాలనుకున్నాడు. పునాది తీసే ముందు, కింద పాతకాలపువేమైనా ఉన్నాయేమోనని మ్యూజియం వాళ్ళని అడిగి చూడటం మా దగ్గర మంచి పద్ధతి. అతను మ్యూజియానికి బదులు గేటు దగ్గర లౌస్త్‌ని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

"పెద్దాయనా, వాళ్ళొచ్చి చెంచాలతో గీకి చూసి సరే అనేలోపు నా పందులు ముసలివైపోతాయి. నువ్వేమంటావు?"

లౌస్త్ బకెట్లోంచి రెండు మేకులు తీశాడు. వేలెడు పొడుగు, రెండు చివర్లా తుప్పు బుడిపెలు.

"మీ తాత కాలంలో ఇక్కడ కొట్టం కాలిపోయింది కదా. దాని తలుపు మేకులివి. బూడిదతో పాటు పొలంలో చల్లేశారు. నీ పొలంలో ఇవి తప్ప ఏమీ లేవు. నిశ్చింతగా కట్టుకో."

క్రెస్తెన్ కట్టుకున్నాడు.

ఇక మొన్నటి సంగతి. అదే పొలంలో ఉత్తరపు గట్టు దగ్గర నాకు పాతకాలపు కంచు పిన్ను ఒకటి దొరికింది. అలాంటివి దొరికితే ఆ చోటు ఫోన్లో గుర్తు పెట్టుకుని వస్తువు మ్యూజియానికి అప్పజెప్పాలి. అది చట్టం, మాకు అలవాటు కూడా. తుప్పు మేకులకి ఎవరు గుర్తు పెడతారు? ముందే చెబుతున్నాను, ఎవరమూ పెట్టలేదు.

పిన్ను దొరికిన చోటు చూడటానికి మ్యూజియం నుంచి మలేన అనే అమ్మాయి వచ్చింది. చూసి ఫోటోలు తీసుకుంది. తిరిగొచ్చి గేటు దగ్గర నిలబడి కాఫీ తాగుతున్నాం. క్రెస్తెన్ రై రొట్టె మీద లివర్ ముద్ద రాసి తెచ్చాడు. మలేన రొట్టె తింటూ ఊరికే బకెట్లో చెయ్యి పెట్టింది.

"అవి తలుపు మేకులమ్మా, కాలిన కొట్టానివి," అన్నాడు లౌస్త్, ఆమె అడక్కుండానే.

ఆమె ఒక మేకు తీసి అటూ ఇటూ తిప్పింది. రొట్టె గేటు మీద పెట్టేసింది. ఇంకోటి తీసింది. భూతద్దం తీసింది. నవ్వుతూ ఉన్న మొహం కాస్తా బిగిసిపోయింది.

"లౌస్త్ గారూ, ఒక్కసారి ఇది చూడండి. తుప్పులో చెక్క ఆనవాలు కనిపిస్తోందా? చెక్క కాలిపోయి ఉంటే ఇది మిగలదు. ఇది మట్టిలో మెల్లగా కుళ్ళిన చెక్క."

లౌస్త్ కళ్ళు చికిలించి చూశాడు.

"తలుపైతే పలకలు నిలువుగా ఉంటాయి, వెనక అడ్డబద్ద ఉంటుంది. రెండు చెక్కల చారలూ ఒకదానికొకటి అడ్డంగా రావాలి. ఇక్కడ రెండూ ఒకే వైపు పోతున్నాయి. పలక మీద పలక, అంచు మీద అంచు. ఈ చివర చూడండి, నాలుగు మూలల బిళ్ళ, పలకలు విడిపోకుండా బిగించేది."

లౌస్త్ ఆ మేకు తీసుకున్నాడు. ఎగరేయలేదు. గీకలేదు. నాలుక దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

"ఓడ," అన్నాడు.

"ఓడే. పొలం మధ్యలో ఓడ ఉందంటే లోపల మనిషి ఉండాలి. వెయ్యేళ్ళ కిందట ఓడతో సహా పాతిపెట్టిన మనిషి," అంది మలేన. "ఈ దీవిలో ఇలాంటిది ఇంతవరకూ దొరకలేదు! ఇవి పొలంలో ఏ చోట దొరికాయి?"

"తెలీదు," అన్నాడు లౌస్త్.

ఇన్నేళ్ళుగా ఒక సమాధిని మేకు మేకుగా పీకి పాత సామాన్లవాడికి పోశాం. నేనూ పోశాను.

"నాకు తెలుసు," అన్నాడు క్రెస్తెన్. "సగం మేకులు నా టైర్లలోవే. ఎప్పుడూ ఒకే చోట పంచరు. అక్కడో చిన్న దిబ్బ ఉండేదట, మా తాత దున్ని చదును చేశాడట..."

చెబుతూ చెబుతూ చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అది చూపిస్తున్నది రొచ్చు ట్యాంకు వైపు.

ట్యాంకు అక్కడ కట్టుకోమన్న మాట ఎవరిదో ముగ్గురికి తెలుసు, మలేన కూడా మా మొహాలు చూసి గ్రహించేసింది. లౌస్త్ గేటు కమ్మీ పట్టుకున్నాడు. పడిపోతాడేమోనని నేను మోచెయ్యి పట్టుకున్నాను.

"తవ్విన మట్టి ఏం చేశావురా, క్రెస్తెన్?" అన్నాడు.

"ట్యాంకు కనబడకుండా చుట్టూ గట్టు పోసి విల్లో చెట్లు పెట్టాను. మట్టి బయటికి పోలేదు పెద్దాయనా, ఒట్టు."

లౌస్త్ డిటెక్టర్ తీసుకుని అటు నడిచాడు. మేమూ వెనకే వెళ్ళాం. ఆ కంపులో, మోకాలెత్తు విల్లో మొక్కల మధ్య గట్టు మీద యంత్రం ఆనించాడు. కూత మొదలైంది. రెండడుగులు జరిగాడు, కూత ఆగలేదు. గట్టు వెంట ఎక్కడ పెట్టినా కూతే. చివరికి యంత్రం నేనే ఆపాల్సి వచ్చింది.

"ఎవరూ తవ్వకండి. ట్యాంకు కింద కొంత మిగిలి ఉండొచ్చు," అంటూ మలేన ఫోన్ చెయ్యడానికి పక్కకి వెళ్ళింది.

వాన కోసిన చోట గట్టులోంచి ఒక ఇనుప ముక్క బయటికి పొడుచుకొచ్చి ఉంది. చెయ్యెడు పొడుగు, చివర వంకీ. మేకు కాదు. దాన్ని చూపిస్తూ క్రెస్తెన్ ఎప్పటి అలవాటుగానే అడిగేశాడు.

"పెద్దాయనా, ఇదేమిటి?"

లౌస్త్ దాని వైపు చూశాడు. ముట్టుకోలేదు.

"ఆ పిల్లనడుగు," అన్నాడు.