నిన్నటి కల దేవులాడుకో

పుస్తకం చదివినవాళ్లను లోకమంతా "ఎట్లుంది?" అని అడుగుతుంది. కైలాసం సేటు మాత్రం "ఏం కలొచ్చింది?" అని అడుగుతాడు. పుస్తకం మంచిచెడ్డలు తేల్చడానికి ఆయనకు తెలిసిన పరీక్ష అదొక్కటే. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం కదా, పుస్తకాన్ని నిద్రపోయి చూడాలంటాడు. అట్టమీద బొమ్మ, లోపల పెద్దవాళ్ల ముందుమాట, రచయితకు కప్పిన శాలువాలు ఆయన దగ్గర చెల్లవు.

హుస్సేనీ ఆలంలో వాళ్లది తాతలనాటి దారాల దుకాణం. టోకు వ్యాపారం. గిరాకీ వచ్చి ఎర్రదారం డబ్బా అడిగితే, "ఏం కుడుతున్నవ్? ఎవరికి? పెండ్లి ఎప్పుడు?" అని కైలాసం సేటు కథంతా రాబట్టేవాడట. ఈలోగా వెనక పదిమంది వరసకట్టేవారు. అన్నదమ్ములు ఓపిక పట్టి పట్టి, చివరికి ఆయన్ను దుకాణం మీది గదిలోకి ఎక్కించారు. ఆయన ఆ గదిలోకి మూడు అలమారాల పుస్తకాలు ఎక్కించాడు. ఒకటి ధర్మం, ఒకటి సాహిత్యం, ఒకటి చరిత్ర. వీధిలోకి బోర్డు పెట్టాడు: "చదువుకునే గది. రుసుము లేదు. మాట్లాడరాదు. గురక పెట్టవచ్చు." కింద అదే ముక్క ఉర్దూలో.

ఆ గదికి గుడ్డ పరదాలు ఉండవు. అమ్ముడుపోని దారాలను విప్పి కిటికీలకు వేలాడదీశాడు. ఎండ వాటిలోంచి వడగట్టుకుని వస్తుంది. రెండు గంటలకు గదంతా గులాబీ రంగు, మూడింటికి పసుపు, గాలి వీస్తే గోడల మీద నీళ్లు పారినట్టు ఉంటుంది. చార్మినార్ వైపు నుంచి వచ్చే హారన్లు కూడా ఆ దారాల్లో చిక్కుకుని, లోపలికి వచ్చేసరికి ఎక్కడో దూరపు పెళ్లి బ్యాండులా వినిపిస్తాయి. నేను ఆ గదిలో కోపంగా ఉండాలని చాలాసార్లు ప్రయత్నించాను. పదినిమిషాలకు మించి కుదరలేదు.

రెండింటికి అందరూ జంపఖానా మీద చేరతారు. సేటు ఏదో ఒక అలమార తెరిచి ఒక పేజీ పైకి చదువుతాడు. ఒక్క పేజీనే. ఆయన గొంతు పాత దూదిపరుపులా ఉంటుంది. పేజీ చివరికి వచ్చేసరికి సగంమంది నిద్రలో ఉంటారు. నాలుగింటికి కింద నుంచి చాయ్ కెటిల్ వస్తుంది. సేటు పెన్సిల్ చెక్కుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తాడు.

"చెప్పు. ఏం కలొచ్చింది?"

చెప్పింది చెప్పినట్టు చీటీ మీద రాసి, ఆ పుస్తకానికో, అదే అలమారలో చేతికందిన ఇంకోదానికో వెనక అట్టకు అంటిస్తాడు. కింద, ఆ పుస్తకం దేనికి మంచిదో ఒక ముక్క. ధర్మం అలమారలో ఒక లావుపాటి పుస్తకం వెనక ఇట్లా ఉంటుంది: "దేవుడు ఆఫీసుకు వచ్చి సంతకం కోసం కోటేశ్వరమ్మ టేబుల్ కాడ నిలబడ్డడు. భోజనం టైము, తర్వాత రమ్మన్నది. సరే అన్నడు. దేనికి మంచిది: దేవుని ఓపిక తెలుస్తది."

కోటేశ్వరమ్మ గారు గుంటూరు నుంచి సర్కారు ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఈ గల్లీలోనే ఉండిపోయిన మనిషి. ఆ చీటీ మీద ఆవిడ పెద్ద గొడవే చేసింది.

"ఏవండీ కైలాసం గారూ, నేను నిద్రపోలేదండీ. కళ్లు మూసుకున్నానంతే."

"మూసుకున్న కండ్లకే కదమ్మా దేవుడు కనిపించేది."

"అయితే ఆ భోజనం టైము సంగతి కొట్టెయ్యండి. నేనెప్పుడూ ఎవర్నీ తర్వాత రమ్మనలేదు."

"దేవుడే ఏమనుకోలే. నువ్వెందుకమ్మా ఫికరు జేస్తవ్?"

చరిత్ర అలమారకు గౌస్ భాయే రాజు. రాత్రంతా ఆటో నడిపి, మధ్యాహ్నం ఇక్కడ ఒరుగుతాడు. ఒకరోజు గోల్కొండ కోట గురించి పేజీ చదివారు. పేజీ నిండా సుల్తానులు, ఫిరంగులు. నాలుగింటికి గౌస్ భాయ్ తల గోక్కుంటూ లేచాడు.

"సేట్ సాబ్, రాజు కనపడ్లే. రాజు గుర్రానికి నీళ్లు పెట్టేటోడు కనపడ్డడు. బిల్కుల్ మా తాత లెక్కనే ఉండె. 'ఏం రా గౌస్, నీ బండికి కూడ తాపాల్నా?' అన్నడు."

సేటు ఆ కల ఉర్దూలో రాశాడు. కింద, "దేనికి మంచిది: పుస్తకంల పేరు లేనోళ్లను కలిసేతందుకు." నేను ఆ మాటను వెంటనే నోట్‌బుక్కులోకి ఎత్తుకున్నాను. తర్వాత మా సంఘం సభలు రెండింటిలో నా మాటలాగా చెప్పాను కూడా. చప్పట్లు బాగానే పడ్డాయి.

సాహిత్యం అలమార ముందు ఎప్పుడూ ఒకే చోట పడుకునేది ఆండాలు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఆయా. ఇల్లు ఫలక్‌నుమాలో. ఒకటే గది, గోడ అవతల ఇనుప పెట్టెలు చేసే కార్ఖానా. పగలంతా ఆమె దిండు కింద సుత్తి దెబ్బలే. అందుకని నిద్రను సంచీలో పెట్టుకున్నట్టు ఇక్కడికి తెచ్చుకునేది. కథల పుస్తకాలు ఎందుకిష్టమని అడిగితే, "ఎవరింట్లకన్న చెప్పకుంట పోవచ్చు మేడం. చీపురు చేతికియ్యరు" అంది.

ఇక సేటు మతిమరుపు గురించి చెప్పాలి. ఎవరి కల ఏ పుస్తకంలో అంటించాడో తెల్లారేసరికి ఆయనకు గుర్తుండదు. నిన్నటి కల చూపించనిదే ఇవాళ పడుకోనివ్వడు.

"సేటు, నిన్న నా చీటీ ఏడ పెట్టినవ్?"

"యాది మర్సిన. దేవులాడుకో."

రోజూ ఒంటిగంటన్నరకు గదిలో ఇదే లొల్లి. అందరూ అలమారాల మీద పడి, వెనక అట్టలు తిప్పి తిప్పి చూసుకుంటూ, ఒకరి కల ఒకరికి దొరికి నవ్వుకుంటూ ఉంటారు. చీటీల మీద అక్షరాలేమో శనగగింజలంత. ఎందుకంటే ఆయనకు చూపు ఆనదట. అదే మనిషి చిరిగిన పుస్తకాలను అద్దాలు లేకుండా సూదిలోకి దారం ఎక్కించి కుట్టడం నేను నా కళ్లతో చూశాను. పాతికేళ్ల కిందట ఏ ఊరి దర్జీ ఏ నంబరు నీలిదారం కొన్నాడో చెప్పడం నా చెవులతో విన్నాను. అయినా నాకు ఏమీ తట్టలేదు. ఉద్యమాలు చేసేవాళ్లకు పెద్ద విషయాలు చూసే అలవాటు కదా.

నేను ఆయనతో కొట్లాడని వారం లేదు.

"సేటూ, పుస్తకాలుండేది జనాన్ని నిద్రలేపడానికి. మీరు జోకొడుతున్నారు. నేనిచ్చిన కార్మిక చట్టాల పుస్తకం ఎక్కడ పెట్టారు?"

"సాహిత్యంల పెట్టిన బిడ్డా. అండ్ల ఉన్నయేవీ బయట కనపడ్తలేవు గద."

"నవ్వులాట కాదు. వీళ్లను మేల్కొల్పొద్దా?"

"రాత్రంత మేల్కొనే ఉన్నోళ్లను ఇంకేం లేపుతవ్?"

ఈ మాటను కూడా నోట్‌బుక్కులో రాసుకున్నాను.

నాకు అంత కోపం ఎందుకో కూడా చెప్పాలి. ఐదేళ్ల కిందట ఫలక్‌నుమాలో మా సంఘం తరఫున పెద్దవాళ్లకు చదువు తరగతి పెట్టాం. ఇంత పొడుగు బ్యానర్: "నిరక్షరాస్యులారా, రండి!" మొదటిరోజు తొమ్మిదిమంది వచ్చారు. నేను ఉత్సాహంగా ముందు వరసలో ఉన్నామెను నల్లబల్ల దగ్గరకు పిలిచాను. ఆమె ఆండాలే. "పొయ్యి మీద పాలు పొంగుతున్నయి మేడం" అని లేచి వెళ్లింది. మిగతావాళ్ల పాలూ ఆమె వెనకే పొంగాయి. మూడోరోజుకు బ్యానరూ, నేనూ మిగిలాం.

దసరాకు ముందు సేటు అన్నకొడుకు వివేక్ పైకొచ్చాడు. ఇప్పుడు దుకాణం నడిపేది అతనే. మంచి కుర్రాడు, నిద్ర తక్కువ.

"చిన్నాయనా, పండుగ సరుకొస్తుంది. పెట్టెలు పెట్టను జాగ లేదు. ఈ గది కావాలె."

"చదువుకుంటున్నరు కదరా."

"ఏడ చదువుకుంటున్నరు? గురకలు కిందికి ఇనొస్తున్నయి. పైన పిండిగిర్ని పెట్టిన్రా అని గిరాకోళ్లు అడుగుతున్నరు. గురువారం వస్త. ఇక్కడ పండుకునేటోళ్లల్ల ఒక్కళ్లన్న పుస్తకం తెరిచి చదివి చూపిస్తే, నీ గది జోలికి రాను. లేకుంటే సోమవారం పెట్టెలు ఎక్కిస్త. మాట మాటే."

సేటు "సరే" అన్నాడు. అంతే. ఆ మూడు రోజులూ ఆందోళన పడ్డది నేను. గది పోతే ఆండాలు మళ్లీ ఆ సుత్తి దెబ్బల కిందికి పోవాలి. గౌస్ భాయ్ ఆటోలోనే ముడుచుకోవాలి. కోటేశ్వరమ్మ గారిని సిద్ధం చేశాను. గురువారం ఆవిడ ముందే వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని, లావుపాటి పుస్తకం ఒళ్లో పెట్టుకుని గుమ్మానికి ఎదురుగా కూర్చుంది.

ఒంటిగంటన్నరకు, సరిగ్గా కలలు వెతుక్కునే వేళకు, వివేక్ వచ్చాడు. కోటేశ్వరమ్మ గారు గొంతు సవరించుకుంది.

"మీరు చదువుతరని నాకు తెలుసు ఆంటీ. ఆఫీసులు నడిపినోళ్లు." గదంతా చూశాడు. అలమార ముందు నీలిరంగు డ్యూటీ చీరలో ఉన్న ఆండాలు మీద అతని చూపు ఆగింది. "ఈ అమ్మ చదవాలె."

ఈమె ఏ క్షణంలోనైనా పాల సంగతి ఎత్తుతుందని చూస్తున్నాను.

ఆండాలు ఒక పుస్తకం తీసి వెనక అట్ట చూసి పెట్టేసింది. ఇంకోటి తీసింది. "గిది గౌస్ భాయిది, నాది కాదు... గిదీ." వేలు అక్షరాల కింద పెట్టి, రాళ్లమీద కాలు చూసుకుని వేసినట్టు ఒక్కొక్కటే చదివింది.

"ఆ-సు-పత్రి... నీళ్ల ట్యాంకి నిండ... తామరపూలు. సూపర్‌వైజరు ఈదుకుంట వచ్చి... తుడుపు కర్ర... అడిగిండు. ఇయ్యలే."

గౌస్ భాయ్ పక్కున నవ్వాడు. వివేక్ నవ్వలేదు. "అది ఆమె చెప్పిందే. నోటికొచ్చి ఉంటది." పుస్తకం తీసుకుని మధ్యలో ఎక్కడో తెరిచి ఇచ్చాడు. "ఇది చదువమ్మా."

గదిలో దారాలు కూడా కదలడం మానేశాయి. కోటేశ్వరమ్మ గారి పెదాలు ఆమె బదులు కదులుతున్నాయి. ఆండాలు వేలు బయల్దేరింది.

"వాన... వెలిసినా... ఆమె కిటికీ దగ్గరే నిలబడింది. ఆరోజు నుంచి... ఎవరి కోసమూ... ఎదురు... చూడటం... మానేసింది." పేజీ అయిపోయింది. తల ఎత్తి వివేక్‌ను అడిగింది. "ఎందుకు మానేసిందో అవతలి పేజీల ఉంటది. తిప్పాల్నా?"

వివేక్ "తిప్పు" అన్నాడు.

తిప్పింది. అతను నిలబడి విన్నాడు. తర్వాత కూర్చుని విన్నాడు. తర్వాత కోటేశ్వరమ్మ గారి పక్కన అలమారకు ఆనుకుని విన్నాడు. తెల్లవారుజాము నుంచీ పెట్టెలు దించిన ఒళ్లు. మూడో పేజీ సగంలో అతని తల కోటేశ్వరమ్మ గారి లావుపాటి పుస్తకం మీదకు వాలింది. ఆవిడ కదల్లేదు.

ఆండాలు నా పక్క నుంచి వెళ్తూ వంగి, చెవిలో చెప్పింది. "మేడం, పాలు దించొచ్చిన."

నేను సేటు దగ్గరికి జరిగి గుసగుసగా అడిగాను. "మీరు చదువు చెప్పారా?"

"నేనెన్నడు చెప్పిన? మతిమరుపోన్ని. కల దేవులాడుకోమన్న. మొదలు వాళ్ల పేరు గుర్తువట్టిన్రు. తర్వాత పక్కోని పేరు. తర్వాత పక్కోని కల మీద పడ్డరు. ఇగ ఆపితే ఆగుతరా?"

"మరి నాకు చెప్పొచ్చు కదా!"

"నువ్వు బ్యానర్ కడ్తవ్ బిడ్డా." ఆయన దారాల వైపు చూస్తూ అన్నాడు. "చదువు రాదని చెప్పుకోవాలంటే పాణం చచ్చిపోతది. కలొచ్చిందని చెప్పుకోను ఎవ్వనికి సిగ్గు?"

అప్పటికి గదంతా పసుపు రంగుకు తిరిగింది. వరసగా పడుకున్నవాళ్ల మీద దారాల నీడలు మెల్లగా ఊగుతున్నాయి. ఎవరెవరు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో, ఎవరి గుర్రం నీళ్లు తాగుతోందో.

నాలుగింటికి చాయ్ వచ్చింది. సేటు పెన్సిల్ చెక్కుకుని నేరుగా వివేక్ దగ్గరికి వెళ్లి భుజం తట్టాడు.

"చెప్పు. ఏం కలొచ్చింది?"

వివేక్ ఎక్కడున్నాడో తెలియనట్టు చూశాడు. "గా కిటికీ కాడి ఆమె మన దుకాణంకొచ్చింది చిన్నాయనా. తెల్లదారం రీలు అడిగింది. ఎవరికోసం కుడుతున్నవమ్మా అని నేను అడిగిన. నేనే! వెనక లైను ఉంది, అయినా అడిగిన."

"ఏమన్నది?"

"చెప్పేలోపల్నే నువ్వు లేపినవ్."

సేటు బుద్ధిగా రాసుకున్నాడు. ఈసారి అక్షరాలు చీమ తలకాయలంతే ఉన్నాయి.

సోమవారం పెట్టెలు వచ్చాయి. మెట్ల కింద, గల్లాపెట్టె వెనక, వివేక్ కాళ్ల దగ్గర సర్దారు. పైకి ఒక్కటీ ఎక్కలేదు. ఒంటిగంటన్నరకు వివేక్ మాత్రం ఎక్కాడు. ఏదో పనిమీద వచ్చినవాడిలా అలమారాల ముందు అటూ ఇటూ తిరిగి, చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"చిన్నాయనా, గురువారం నా చీటీ ఏ పుస్తకంల పెట్టినవ్?"

కైలాసం సేటు సూదిలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"యాది మర్సిన. దేవులాడుకో."