తమ్ముడి చేతిలో ఇనుము

పెందుర్తిలో మా ఇంట్లో దేవుడికి దీపం పెట్టి లేస్తుండగా ఫోన్ వచ్చింది, తమ్ముడు ఆసుపత్రిలో పోయాడని. ఫిట్స్ అన్నారు. కాసేపటికి ఇంకొకరు ఫోన్ చేసి కరెంటు అన్నారు. ఏ కరెంటు అని అడిగాను. పోలీసులదట.

తమ్ముడికి చిన్నప్పటి నుంచి మూర్ఛ. జాలరి ఇంట పుట్టి పడవెక్కలేకపోయాడు. ఒడ్డున కూర్చుని అందరి వలలూ బాగుచేసేవాడు. "సముద్రం నన్నొద్దంది గానీ, వలొద్దన్లేదు కదా అప్పా" అనేవాడు. మాత్ర మింగే ముందు దేవుడి పటం వైపు చూసేవాడు. దండం అనుకునేదాన్ని. దేవుడి సాక్ష్యానికట, మాత్ర వేసుకోలేదని నేను తిడతానని.

మూర్ఛ తగ్గాక కాసేపు వాడు మనలో ఉండడు. కళ్ళు తెరిచే ఉంటాయి, లేచి నడుస్తాడు, పిలిస్తే పలకడు. తెలివొచ్చాక మొదటి మాట, "ఎంతమంది సూసేరు?" చాలామంది అంటే, "టికెట్టెట్టాల్సింది" అనేవాడు.

ఆ పొద్దున్న హార్బర్‌లో పడవలు కట్టుకునే చోటు గురించి రెండు గుంపులు కొట్టుకున్నాయి. పోలీసులు వచ్చారు. తమ్ముడికి ఆ గొడవతో పనిలేదు. ఆ అరుపుల్లోనే పడిపోయాడు. పడవ నడిపే వాడి నేస్తం పక్కనే ఉండి, మేమంతా చేసేదే చేశాడు. మూర్ఛొస్తే చేతిలో ఇనుము పెట్టడం మీరూ చూసే ఉంటారు. దగ్గర తాళాలు లేవు. ఐసు దిమ్మలు లాగే కొక్కెం దొరికింది. అది పెట్టి నీళ్ళకి పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి తమ్ముడు లేచి నిలబడ్డాడు. చేతిలో కొక్కెం. పారెయ్యమని పోలీసాయన పదేపదే చెప్పాడట. వీడు ఆయన్నే చూస్తూ ముందుకు నడిచాడు. ఆయన షాక్ కొట్టే తుపాకీ పేల్చాడు. వీడు కొయ్యలా సిమెంటు గట్టు మీద పడ్డాడు.

అది ప్రాణం తీసేది కాదమ్మా, అసలు తుపాకీ వాడే అవసరం రాకూడదనే ఇచ్చారని స్టేషన్‌లో ఎస్సైగారు నెమ్మదిగానే చెప్పారు. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఏమీ కాదట. జబ్బు మనిషి ముఖాన కనబడుతుందా బాబూ అన్నాను. డాక్టరుగారు ఇంకోలా చెప్పారు. మూర్ఛకే గుండె ఆగవచ్చు, షాక్‌కి ఆగవచ్చు, తలకి తగిలిన దెబ్బ కావచ్చు, అన్నీ కలిసి కావచ్చు. ఇదీ అని తేల్చలేమన్నారు. ఇనుముతో పనిలేదు, పక్కకి తిప్పి పడుకోబెడితే చాలన్నారు. ఆ మాట నేస్తం కూడా విన్నాడు.

ఎవరిదీ అబద్ధం అనిపించలేదు. నాకు అర్థం కానిది అదే. జపమాల తిప్పుతుంటే మధ్యలో ఎక్కడున్నానో మరిచిపోతున్నాను.

పెద్దకర్మ అయి చుట్టాలంతా వెళ్ళాక నేస్తం నా పక్కన వచ్చి ఒడ్డున కూర్చున్నాడు. తమ్ముడు పోయినప్పటి నుంచి అతను వేటకి వెళ్ళలేదు.

"అప్పా, నాను ఆ కొక్కెం ఎట్టకపోతే ఆడు బతికుండునేటి?"

"తెల్దురా. మంచికే ఎట్టేవు నువ్వు."

"మంచికే ఎడితే ఇలాగెందుకయ్యింది మరి?"

నేనూ దేవుణ్ణి అదే అడుగుతున్నాను. అతని భుజం మీద చెయ్యి వేశాను. ఎదురుగా అతని పడవ కట్టేసి ఉంది. అల వస్తే తాడు బిగుసుకుంటోంది. వెళితే వదులవుతోంది.