కుడి చెవి గాటు

మా గల్లీ మొగదల స్తంభానికి ఈమధ్య కెమెరా బిగించారు. మనిషి కన్ను మోసపోతుంది గానీ అది మోసపోదంటాడు మా మనవడు. మా మామను ముంచింది కెమెరానా, కళ్ళా అని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నదాన్ని, వాడికి నిలబడ్డ పాటున ఏం చెప్పను?

నేను కోడలుగా పోయింది నల్లగొండ దిక్కు గుట్టల నడుమ ఊరికి. మామ, అంటే మా ఆయన తండ్రి, గొర్ల కాపరి. మా గొర్లే కాదు, ఊళ్ళో సగం ఇళ్ళ గొర్లు, దొర గొర్లతో సహా ఆయన మందలోనే మేసేవి. జనం దొరల మీద తిరగబడ్డ సంగం రోజుల్లో గుట్టల్లో దాక్కున్నవాళ్ళకు జొన్న గట్క పోశాడని ఆయన్ను జైలుకు పంపారు. తిరిగొచ్చి ఏళ్ళు గడిచినా పోలీసులు వదల్లేదు. జవాను వచ్చి మా వాకిట్లో సైకిల్ ఆపి "ఉన్నవా?" అనేవాడు. మామ గొంగడి కప్పుకుని బయటికొచ్చి "ఉన్న" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం అంత దూరం సైకిల్ తొక్కేవాడు మహానుభావుడు.

ఇక ఊరికి అంతకన్నా ఏం కావాలి? మోట తాడు పోయినా, కోడి తప్పిపోయినా అందరి కళ్ళూ ముందు మా వాకిలి మీదే పడేవి. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. మా మామ ఆ చెట్టు కిందనే బతికాడు.

ఒక ఎండాకాలం సర్కారు మనుషులు జీపులో వచ్చి గొర్ల పెంపకం మీద సినిమా తీశారు. మామను మా పొట్టేలు ఉన్ని కత్తిరించమన్నారు. పొట్టేలు కాళ్ళు పట్టుకున్నది నేనే. బొమ్మకు అడ్డమని నన్ను పక్కకు జరగమన్నారు. మామ సిగ్గుపడుతూనే పనంతా చేసి చూపించాడు. తర్వాత ఆ పొట్టేలును అంగట్లో అమ్మేశాం.

ఆ రోజుల్లోనే దొర పొట్టేలు ఒకటి గుట్ట కింద మేస్తూ మాయమైంది. మామ కాళ్ళు బొబ్బలెక్కేదాకా వెతికాడు. తోడేలు ఎత్తుకపోయిందని చివరికి అందరూ సరిపెట్టుకున్నారు. దొర పొట్టేలూ మా పొట్టేలూ చూడటానికి ఒక్కటే, నల్లవి, నుదుట తెల్లమచ్చ. మా గొర్లకు ఎడమ చెవికి గాటు పెడతాం, దొర గొర్లకు కుడి చెవికి. పైగా దొర పొట్టేలు మెడలో దొరసాని కట్టించిన కంచు గంట ఉండేది.

చలికాలంలో ఆ సినిమా చూపించడానికి సర్కారు బండి వచ్చింది. చీకటి పడగానే చావడి ముందు గుంజలకు తెల్లగుడ్డ కట్టారు. ముందు వైపు మగవాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళం గుడ్డకు వెనక. పలుచని గుడ్డ కాబట్టి బొమ్మ మాకూ బాగానే కనిపించింది. మా వైపే దొరసానికి మాత్రం కుర్చీ వేశారు.

తెర మీద మామ కనిపించగానే అందరం కిలకిలా నవ్వాం. అంతలో దొరసాని లేచి నిలబడింది.

"గది మా పొట్టేలే. కుడి చెవి గాటు కనవడ్తలేదా?"

నేనూ చూశాను. గాటు కుడి చెవికే ఉంది. అప్పుడు మామ చేయి చూశాను. కత్తెర ఎడమ చేతిలో ఉంది. ఆయన జన్మలో ఎడమ చేత్తో కత్తెర పట్టి ఎరగడు. మేం వెనక నుంచి చూస్తున్నాం కాబట్టి ఎడమ కుడిగా కనిపిస్తోంది, అంతే. ఆ మాట పక్కవాళ్ళకు చెప్పబోయాను. అప్పటికే 'దొంగ' అన్న మాట గుడ్డ దాటి అవతలికి పోయింది.

తెల్లారేసరికి బండి వెళ్ళిపోయింది. చావడి దగ్గర పంచాయితీ పెట్టారు. కోడళ్ళు అక్కడ నోరు తెరవకూడదు. నేను తెరిచాను.

"ఎనుక నుంచి చూస్తే కుడి ఎడమైతది. మా మామ ఎడమ చేత్తోటి కత్తిరిస్తడా? ముంగట కూసున్నోళ్ళను అడుగుండ్రి," అన్నాను.

అడిగారు. ముందు వరుసలో కూర్చున్నవాడు మామ తోటి కాపరి. ఇద్దరూ ఒక్క గొంగడి కింద ఎన్నో వానలు గడిపారు. "కుడి చెవే," అన్నాడు. అబద్ధమాడేవాడు తల దించుకుంటాడు. అతను మామ కళ్ళలోకి చూసే చెప్పాడు. రాత్రి తన కళ్ళతో చూసిన ఎడమ చెవి, పొద్దున దాకా ఊరంతా 'దొంగ' అనగా అనగా, అతని మనసులో కుడిదైపోయింది. అదే నాకు ఇప్పటికీ భయం.

"మరి బొమ్మల పొట్టేలు మెడకు గంటేది?" అన్నాడు మా ఆయన.

"దొంగతనం జేసెటోడు గంట ఉంచుకుంటడార?" అని దొర నవ్వాడు.

ఆ సాయంత్రమే ఇల్లిల్లూ వచ్చి ఎవరి గొర్లను వాళ్ళు తోలుకుపోయారు. గొర్లు అరుస్తూ మామ దగ్గరికే తిరిగొచ్చేవి. ఆయనే వాటిని కర్రతో అదిలించి పంపాడు. మిగిలిన మా నాలుగు గొర్లను ఆ ఏడే అమ్ముకున్నాం. అంత మందను కాచిన మామ కూలికి పోసాగాడు.

తర్వాత ఒక కరువు ఏడు గుట్ట కింది పాడుబడ్డ బావిలో పూడిక తీయడానికి పోయాం. మామ కింద తవ్వుతున్నాడు, నేను తట్టలు మోస్తున్నాను. మట్టిలో ముందు కొమ్ములు బయటపడ్డాయి, తర్వాత ఎముకలు. మామ చేయి పెట్టి తడిమి కంచు గంట పైకి తీశాడు. పంచె కొంగుతో తుడిచి నా వైపు ఎత్తి పట్టాడు.

"దొరికింది బిడ్డా," అన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

గట్టు మీద ఆ తోటి కాపరి కూడా ఉన్నాడు. గంటను చూశాడు, మామను చూశాడు. కోపం లేకుండానే అన్నాడు.

"గింత మట్టిల నీ చెయ్యి సీదా గంట మీదికే పోయె. ఏడ పడేసినవో నీకు ఎరుకనే గదా."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. మామ గంటను గట్టు మీద పెట్టి పార అందుకున్నాడు.

"తట్ట అందియ్యి బిడ్డా," అన్నాడు.