జాలి తీసిన చేయి

జీవరాజ్‌కు నేను నేర్పిన మొదటి పాఠం చెంపదెబ్బ. అతని కళ్లద్దాలు ఎగిరి ఇనుప రజనులో పడ్డాయి.

గుల్బర్గా ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఆరు వారాల ట్రైనింగుకు వచ్చిన ఇరవై ఏళ్లవాడు. బీదర్ గంజ్‌లో వాళ్ల నాయనకు కందిపప్పు హోల్‌సేల్ దుకాణం. తెల్లచొక్కా తొడుక్కుని వచ్చి, నడుస్తున్న ప్రెస్సు కింద అడ్డం పడిన రేకుముక్కను తీద్దామని చేయి చాచాడు. ఆ చేయి పట్టి వెనక్కి గుంజి, రెండో చేత్తో కొట్టాను.

"మా నాయన సుత నన్ను ఎన్నడు కొట్టలే!" అన్నాడు చెంప పట్టుకుని.

"మీ నాయన కొడితే బతుకుతవ్ బిడ్డా. గిది కొడితే?" అని ప్రెస్సును చూపించాను.

నా పేరు నర్సప్ప. సంతపూర్ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను, అంతే. కానీ బావి మోటార్లకు స్టార్టర్ డబ్బాలు బీదర్‌లో మొదట తయారైంది నా చేతి కిందనే. హుమ్నాబాద్ నుంచి ఔరాద్ దాకా నేను బాగుచేయని పిండిగిర్నీ లేదు. యాభై మూడు మంది కాలేజీ పిల్లలు నా దగ్గర పని నేర్చుకుని పోయారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్లు, దారిలో కనబడితే జీపు ఆపి దిగుతారు. అన్నిటికంటే పెద్ద మాట, నలభై ఏళ్లు యంత్రాల మధ్య బతికినా నాకు పది వేళ్లున్నాయి. మా పనిలో ఈ మాట అనగలిగినవాళ్లను లెక్కపెట్టడానికి పది వేళ్లూ అక్కర్లేదు.

ఆ యాభై మూడు మందిలో సర్టిఫికెట్ లేకుండా పోయినవాడు జీవరాజ్ ఒక్కడే. ట్రైనింగు వల్ల పిల్లలకు ఏం వస్తుందని ఎవరైనా అడిగితే నేను అతని సంగతే చెబుతాను.

మైసూరు రాష్ట్రం కర్ణాటక అయిన ఐదో ఏడు అది. కొల్హార్ దారిలో రేకుల షెడ్డు మాది. బోర్డు మీద టెక్నాలజీ కంపెనీ అని ఉండేది, లోపల ముప్పై మందిమి, ఒక పెద్ద ప్రెస్సు. కాలేజీవాళ్లు జీవరాజ్‌కు ఒక డైరీ ఇచ్చారు. రోజూ చూసింది ఇంగ్లీషులో రాసి, సాయంత్రం మేస్త్రి సంతకం తీసుకోవాలి. నాకు ఇంగ్లీషు రాదు. తెలియని కాగితం మీద చేయి పెట్టే అలవాటూ లేదు.

"తెలుగుల చదివి చెప్పు. అప్పుడు పెడ్త."

మొదటి వారం నీళ్లు నమిలాడు. తెలుగులో చెప్పలేకపోతే అర్థం కానట్టే లెక్క, మళ్లీ యంత్రం దగ్గరికి తోలేవాడిని. మూడో వారానికి అతను డైరీ చదువుతుంటే పనివాళ్లు బీడీలు ఆర్పి వినేవాళ్లు. ఒక ప్రశ్న మాత్రం రోజూ అడిగేవాడిని.

"మనిషికి దెబ్బ తగిల్తే ముందుగాల ఎటు ఉరుకుతవ్?"

"మనిషి దిక్కు కాదు మామా, పెడల్ దిక్కు."

కాలితో పెడల్ తొక్కితే దిగే ఆ ప్రెస్సు ముందు ఇనుప వలలాంటి అడ్డు ఉండేది. మా వైపు దాన్ని జాలి అంటాం. జాలి ఉన్నంతసేపు లోపలికి పట్టుకారు పోతుంది గానీ చేయి పోదు. ఐదో వారంలో మేనేజర్ సదాశివ్ వచ్చి ప్రెస్సు పక్కన నిలబడ్డాడు.

"జాలి తీసెయ్ నర్సప్పా. చేత్తోని పెడితే డబ్బాలు రెండింతలు ఎల్తయ్."

"వేళ్లు సుత ఎల్తయ్ సాబ్."

రెండు రోజులు కాదన్నాను. మూడో రోజు అందరి ముందూ, "చేతులు వణుకుతున్నయా ముసలోడా? కాకుంటే ఇంట్ల కూసో" అన్నాడు. ముసలోడా అన్న మాట నా ఒంట్లో నిప్పులా పడింది. పానా తీసుకుని నాలుగు బోల్టులూ విప్పాను. జాలిని గోడకేసి కొడితే షెడ్డంతా మోగింది. జీవరాజ్ పక్కనే ఉన్నాడు. సాయంత్రం డైరీ చదివాడు: "పొద్దుగాల పదింటికి ప్రెస్సుకు జాలి తీసిండ్రు." సంతకం పెట్టాను.

జాలి తీసిన మూడో రోజు మధ్యాహ్నం ఆ ప్రెస్సు, దాని మీద పనిచేస్తున్న సిద్దప్ప కుడిచేతి రెండు వేళ్లను రేకుతో పాటే కోసింది. చప్పుడులో తేడా కూడా రాలేదు. నెత్తురు నా మొహం మీద పడ్డాక గానీ మాకు తెలియలేదు. సిద్దప్ప అరుస్తున్నాడు, చేయి ఇంకా లోపలే ఉంది, కాలు పెడల్ మీదే ఉంది. అందరం మనిషి మీదికి ఉరికాం. రోజూ పాఠం చెప్పించిన నేనూ మనిషి మీదికే ఉరికాను. జీవరాజ్ ఒక్కడు సిద్దప్ప మోకాలి మీద బలం కొద్దీ తన్నాడు. పెడల్ తొక్కుకుంటూనే ఆ కాలు జారింది. మనిషి వెల్లకిలా పడ్డాడు. ప్రెస్సు ఇంకోసారి దిగి ఖాళీ అచ్చును కొట్టింది. చేయి ఇంకా అక్కడే ఉంటే ఆ దెబ్బకు మణికట్టు దాకా పోయేది. జీవరాజ్ తన నడుం బెల్టు ఊడదీసి సిద్దప్ప చేతికి బిగించాడు.

మర్నాడు పొద్దున సిద్దప్ప ఊరు దుబల్గుండి నుంచి అతని మనుషులు ఇరవై మంది దిగారు. రేకుల మీద రాళ్లు పడ్డాయి. సిద్దప్ప భార్య సంగమ్మ చెప్పు తీసి నా మొహం మీద కొట్టింది.

"మీ ప్రెస్సుకు జాలి లేదు, నీకూ జాలి లేదు!"

ఆమె తమ్ముడు ఈరప్ప చేతిలో ఇనుపరాడ్ ఉంది. అది నా కుడిభుజం మీద పడింది. లోపల ఎముక విరగడం నాకు వినబడింది. పోలీసులు రాకపోతే రెండోది తల మీద పడేది.

జాలి ఎవరు తీశారని సబ్ ఇన్‌స్పెక్టర్ అడిగాడు. "వాళ్లే తీసిండ్రు" అని ఆఫీసు గది చూపించాను. సదాశివ్ జీవరాజ్ డైరీ తెచ్చి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఆ పేజీ చదివి, మేస్త్రి తీశాడని ఇందులో ఇంగ్లీషులో ఉంది, కింద సంతకం నీదేనా అన్నాడు.

ఎడమచేత్తో జీవరాజ్ గొంతు పట్టుకుని గోడకు అదిమాను. "ఆ దినం నాకేం చదివినవ్ రా?"

"తీసిండ్రు అని చదివిన మామా! మీరు తీసిండ్రు అని!"

"వాళ్లు తీసిండ్రు అనుకున్న నేను!"

"మీరు తీయంగ నేను చూస్తనే ఉంటి గదా!"

నా చేయి వదులైంది. మీరు అన్నా అదే మాట, వాళ్లు అన్నా అదే మాట. చేసిన మనిషి పేరు లేని ఆ మాట వెనక నేను నాలుగు రోజులు దాక్కున్నాను.

ఆ పేజీ అలాగే నిలబడితే జైలుకు నేనొక్కడినే పోవాలి. ఇన్‌స్పెక్టర్ రేపొస్తానని పోయాక సదాశివ్ నా ఎదుటే జీవరాజ్‌తో అన్నాడు.

"రాసింది రాసినట్టే ఉండనీ. శనివారం సర్టిఫికెట్ తీస్కపో. లేకుంటే పరీక్షకు కూసోనియ్యరు, నీకు ఏడాది పాయె."

"మీరు తీయమన్నరు సార్. నేను విన్న."

ఆ పొద్దు గూకేలోపు కొల్హార్ దారిలో ఇద్దరు అతన్ని సైకిల్ చైన్లతో కొట్టారు. ఎవరు పంపారో వాళ్లు చెప్పలేదు, రుజువూ కాలేదు. కిందపడ్డవాడి ఎడమ మణికట్టును బూటుకాలితో తొక్కారు.

మర్నాడు వాచిన మొహంతో, మెడకు కట్టిన గుడ్డలో చేయి వేలాడేసుకుని వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ముందే కూర్చుని డైరీలో కొత్త పేజీ రాశాడు. చదవమంటే లేచి, షెడ్డులో పనివాళ్లూ, సంగమ్మా, ఈరప్పా వినేటట్టు తెలుగులో చదివాడు.

"జాలి తీయమని మేనేజర్ చెప్పిండు. నర్సప్ప తీసిండు. నేను చూసుకుంట ఊకున్న."

తీసిండు అన్నాడు, తీసిండ్రు అనలేదు. ముప్పై ఏళ్లలో నా కింద పనిచేసినవాడెవడూ నన్ను అట్లా అనలేదు. సదాశివ్ అక్కడే సర్టిఫికెట్ చింపి అతని మొహం మీద విసిరాడు. జీవరాజ్ వంగి ఆ ముక్కలు ఏరలేదు.

కేసు సదాశివ్ మీదా నా మీదా నడిచింది, ఇద్దరికీ శిక్ష పడింది. జీవరాజ్‌కు నిజంగానే ఏడాది పోయింది. మరుసటి ఏడు హైదరాబాద్‌లో ఎక్కడో మళ్లీ ఆరు వారాలు చేసి, పరీక్ష రాసి గెలిచాడు. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో యంత్రాలకు అడ్డులున్నాయో లేవో చూసి, లేనిదాన్ని ఆపించే ఉద్యోగం అతనిది. ఎడమ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

డైరీ చదివిన ఆ పొద్దున ఆ కొత్త పేజీ నా ముందుకు తోసి పెన్ను ఇచ్చింది అతనే. కుడిభుజం విరిగి ఉంది, చేయి లేవలేదు. ఎడమచేత్తో రాస్తే నా పేరు వంకరటింకరగా, బడిలో మొదటిరోజు రాసినట్టు వచ్చింది.

ఇది నీ సంతకమేనా, మొదటిదానిలాగా లేదే అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నాదే సాబ్" అన్నాను, సంగమ్మ వైపు తిరిగి. "జాలి నేనే తీసిన."