బగ్గీ చెవిలో మంత్రం

జాబ్రియాలో మేమున్న వీధిలో పిల్లులు ఉండేవి కావు. మా ఇంటి బగ్గీ మొదటిసారి గొంతెత్తిన రోజున అవన్నీ ఒక్క పరుగున వెళ్లి సముద్రంలో దూకాయని, వాటి సంతానం ఇప్పుడు ఇరాన్ ఒడ్డున చేపలు పట్టుకు తింటోందని నేను చాలామందికి చెప్పాను. ఇద్దరు ముగ్గురు నమ్మారు కూడా. మా ఇంటి బిహారీ వంటవాడైతే, అక్కడ పిల్లులకు ఏ చేప దొరుకుతుందని అడిగాడు.

బగ్గీ అంటే గుర్రపు బండి కాదు. నాలుగు లావుపాటి చక్రాలు, మధ్యలో మోటారు సైకిలు సీటు, హ్యాండిలూ ఉండే ఇసుకదిబ్బల బండి. టూస్ట్రోక్, రెండు సిలిండర్లు. పెట్రోల్లో ఆయిల్ కలిపి పొయ్యాలి. నీలం పొగ వదులుతూ, కందిరీగల తుట్టెను కర్రతో పొడిచినట్టు మోగుతుంది. చలికాలం రాగానే కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. పెద్దవాళ్లు టీ తాగుతుంటే కుర్రవాళ్లు ఈ బండ్లతో దిబ్బలెక్కుతారు. మా ఇంటి యజమానురాలిని మామా, అంటే అమ్మా, అని పిలిచేవాళ్లం; ఆమె పెద్దకొడుకుకి ఆ పిచ్చి ఉండేది. ఆ పిచ్చికి కావలసిన రెంచీలన్నీ నా చేతిలో ఉండేవి.

నేను అమలాపురంలో స్కూటర్ల షెడ్డులో చెయ్యి తిరిగినవాణ్ణి. కువైట్ వచ్చింది మాత్రం డ్రైవరుగా, ఇంటి వీసా మీద. ఇంటి వీసా అంటే ఆ ఇంటి గోడలే మన దేశం. వాళ్లు నిద్రపోతే మనకు తీరిక, వాళ్లు లేస్తే మనకు డ్యూటీ. అకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు మీద ఎవరి పేరుంటే వాళ్లే మన కఫీల్; వాళ్ల పని తప్ప ఇంకొకరి పని చెయ్యకూడదు. నాకు కావలసింది ఒక్కటే, రిలీజ్, అంటే వేరే చోటికి వెళ్లొచ్చని కఫీల్ పెట్టే సంతకం. అహ్మదిలో ఒక గ్యారేజీకి ఫోర్‌మన్‌గా మా కోనసీమ మనిషే ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం.

“ఏంటి బావా, ఇంకా ఆ ఇంట్లోనే కూర్చుంటావా? ఇళ్లల్లో పనిచేసేవాళ్లు గ్యారేజీ వీసాకి మారొచ్చని ఇప్పుడు సర్కారువాళ్లు వీలిచ్చారు. మళ్లీ ఎప్పుడిస్తారో ఏమో. మీ కఫీల్ చేత ఒక్క సంతకం పెట్టించుకుని వచ్చెయ్యవయ్యా. సాయంత్రం షట్టర్ దించాక నిన్ను అడిగే నాథుడుండడు.”

ఆ ఆఖరి మాట నాకు నిద్రలో కూడా వినిపించేది. సాయంత్రం షట్టర్ దించాక.

ఈలోగా బగ్గీ పని బగ్గీదే. ఇసుక మీద పరిగెత్తడానికి వెనక చక్రాలకు తెడ్లలాంటి పట్టీలున్న టైర్లు వేశాను. దిబ్బ ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి వెల్లకిలా పడకుండా వెనక చక్రాలను పట్టుకునే ఇనప చెయ్యిని పొడుగు చేయించాను. పాత సైలెన్సర్లు పీకేసి, గుమ్మడికాయ మింగిన పాముల్లాంటి పెద్ద గొట్టాలు బిగించాను. చలిగాలికి పెట్రోలు ఎక్కువ పట్టాలి, ఎండ ముదిరితే తగ్గాలి. అందుకని కార్బురేటర్లో పెట్రోలు వదిలే జెట్లు మార్చి, బండి నడిపించి, ప్లగ్గు ఊడదీసి దాని రంగు చూసేవాణ్ణి. తెల్లగా ఉంటే ఇంజను కాలిపోతోందని, నల్లగా ఉంటే పెట్రోలు దండగైపోతోందని లెక్క. కాఫీ రంగు వచ్చేదాకా ఊరుకునేవాణ్ణి కాదు. ఇక దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. కువైట్ దుమ్ము మైదా పిండికంటే మెత్తన. నురుగు ఫిల్టరుకి ఆయిల్ పట్టించినా దూరిపోయి పిస్టన్ని నమిలేస్తుంది. దానికి ఆడవాళ్ల పల్చటి మేజోడు తొడిగితే ఆగుతుందని కనిపెట్టాను. ఇంట్లో పనిచేసే కడప చెల్లెమ్మని అడిగాను.

“మామా మేజోళ్లు నీకెందుకన్నా? తొడుక్కుంటావా ఏంది?”

“బగ్గీకి తొడగాలమ్మా. దానికి చలేస్తోంది.”

“నీ నోట్లోంచి నిజం ఎప్పుడన్నా జారిపడితే నాకు జెప్పన్నా, ఏరి దాసిపెట్టుకుంటా” అంటూనే చినిగినవి మూటగట్టి తెచ్చి ఇచ్చింది.

మంత్రం కథ కూడా ఇలాగే మొదలైంది. బండి పెట్టేసేటప్పుడు నేను కార్బురేటర్లు ఖాళీ చేసేసేవాణ్ణి. లేకపోతే ఆ ఎండకి పెట్రోలు ఎగిరిపోయి అడుగున జిగురు మిగులుతుంది. మళ్లీ బండి తియ్యాలంటే పెట్రోలు ట్యాపు తిప్పి అవి నిండేదాకా ఆగాలి. ఆగడం మామా కొడుక్కి చేతకాదు. ట్యాపు తిప్పీ తిప్పకుండానే కిక్కు మీద గెంతేవాడు. బండి పలికేది కాదు, నన్ను తిట్టేవాడు. ఒకరోజు విసుగొచ్చి, దీనికి మంత్రం చెప్పాలి, అప్పుడుగాని లేవదన్నాను. ట్యాంకు దగ్గర చెవి పెట్టి, అమలాపురం బస్టాండులో కండక్టరు అరిచినట్టు, “అంబాజీపేట, ముక్కామల, కొత్తపేట, రావులపాలెం” అని గొణిగాను. అది అయ్యేసరికి కార్బురేటర్లు నిండాయి. ఒక్క కిక్కుకి లేచింది. అబ్బాయి కళ్లు పెద్దవి చేసి, వల్లా, దేవుడి మీద ఒట్టు, ఇది ఇండియావాళ్ల హిందీ జాదూ అన్నాడు. ఎడారిలో గుడారం గుడారానికీ ఆ కబురు పాకింది. నేనూ ఆపలేదు. ఆ దేశంలో నాకున్న గౌరవమంతా ఆ బస్టాపుల మీదే నిలబడి ఉంది మరి.

అహ్మది బావ తొందరపెడితే ధైర్యం చేసి మామాని అడిగాను.

“ఎందుకు రిలీజ్? తిండి పెట్టడం లేదా? గదిలో ఏసీ లేదా?”

“ఉంది మామా.”

“మరి?”

ఆ మరికి నా దగ్గర అరబ్బీ లేదు. తెలుగులో అడిగినా తడుముకునేవాణ్ణే. ఏసీ కింద పడుకుని కూడా ఊపిరాడదని ఎవరికి చెప్పగలం?

“నువ్వు పోతే నా కొడుకు ఆ బండిని ఎవడి దగ్గరికో తీసుకెళ్తాడు. వాడేదో బిగిస్తాడు, వీడు మెడ విరగ్గొట్టుకుంటాడు. బగ్గీ ఉన్నన్నాళ్లూ నువ్వుండాలి. అది ఇల్లు దాటిన రోజు నీకు రిలీజ్. వల్లా, సంతకం పెడతాను. ఖలాస్.”

నేను పని చెడగొడితే పంపేసేవాళ్లు. బాగా చేస్తున్నాను గనక ఉంచేశారు. చెడగొట్టాలని మనసు లాగకపోలేదు. కానీ దిబ్బ కొన మీద పిస్టన్ పట్టేస్తే గాల్లోకి లేచేది ఆ కుర్రవాడు. వాడు నన్ను తిట్టిన తిట్లకి నాలుగు దెబ్బలు తగలాలి గానీ ప్రాణం పోవాల్సినంత తిట్లు కావు. కాబట్టి బండి అమ్ముడుపోవాలని దేవుళ్లకి మొక్కుకున్నాను.

దేవుళ్లు విన్నారు. అబ్బాయికి పెళ్లి కుదిరింది. పిల్ల తరఫువాళ్లు దిబ్బలెక్కే అల్లుడు వద్దన్నారు. మామా సంతోషంగా బండి అమ్మకానికి పెట్టింది. నేను కొత్త రింగులు వేశాను, గొట్టాలు అద్దంలా తోమాను, ప్లగ్గుల్ని ఫస్టు క్లాసు కాఫీ రంగులోకి తెచ్చాను. శుక్రవారం అసర్ నమాజు అయ్యాక ఒక బేరగాడు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చాడు. కాళ్లదాకా పట్టు దష్‌దాషా అంగీ, అత్తరు వాసన. బగ్గీ నడిపిన మొహం కాదు. నేను విజృంభించాను.

“సార్, ఇది ఒకసారి సాల్మీ రోడ్డు దిబ్బ ఎక్కి ఆగలేక గాల్లోకి లేచింది. కింద ఒంటెల మంద మొత్తం దాటిపోయింది. దిగేసరికి అబ్బాయికి గడ్డం పెరిగింది.”

వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయన ట్యాపు సంగతే తెలియక నేరుగా కిక్కు కొట్టాడు. కొట్టాడు, కొట్టాడు, అత్తరు చెమటైంది, బండి దగ్గలేదు. అప్పుడు నేను వంగి, చాటుగా ట్యాపు తిప్పి, మంత్రం చెప్పి కిక్కు కొట్టాను. వీధి దద్దరిల్లింది. అమ్మేశాను అనుకున్నాను. షట్టరు చప్పుడు చెవిలో వినిపించింది.

ఆయన చప్పట్లు కొట్టి మామా కొడుకుతో అన్నాడు. “బండీ, మనిషీ. రెండూ కలిపి అయితేనే. ఈ మనిషి లేకపోతే ఇది ఇనుము.”

లోపలికి వెళ్లి మాట్లాడుకున్నారు. మామా మాట తప్పే మనిషి కాదు. నన్ను పిలిచి, “రిలీజ్ అడిగావుగా, ఇదిగో, ఈయన నీ కొత్త కఫీల్. పెద్ద ఇల్లు” అంది. నాకు మేలు చేసిన తృప్తి ఆమె మొహంలో నిజంగానే ఉంది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇంటి వీసా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చక్కగా మారింది. అహ్మది అంటూ ఏదో గొణిగాను. ఎవరికీ వినపడలేదు.

పికప్ వెనక బండినెక్కించాక, కదలకుండా పట్టుకోవడానికి నన్నే దాని మీద కూర్చోమన్నారు. అన్నేళ్లు బిగించి, ఆ బండి మీద నేను రోడ్డెక్కింది ఆ ఒక్కసారే. దాన్ని తాళ్లతో కట్టారు, నన్ను కట్టలేదు, అంతే తేడా. చెల్లెమ్మ గేటు దగ్గర నిలబడింది.

“ఏడుస్తాండావేందన్నా, అత్తగారింటికి పోతాండావు గదా” అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, “నిన్ను అడిగి కొంచబోయేవాళ్లన్నా ఉండారు. నన్నెవురడుగుతారు” అని లోపలికి వెళ్లిపోయింది.

కొత్తాయన ఆ బండిని ఇసుక తొక్కనివ్వలేదు. మగవాళ్లు చేరి కబుర్లాడుకునే దివానియా ముందు గాజు గదిలో నిలబెట్టాడు. చుట్టాలొచ్చినప్పుడల్లా “యా సాహిర్” అని నన్ను కేకేసేవాడు. సాహిర్ అంటే మంత్రగాడు. నేను కార్లు కడిగే చేతులు తుడుచుకుంటూ వెళ్లి, అంబాజీపేట, ముక్కామల అనాలి. బండి లేస్తే చప్పట్లు. కొందరు పిల్లల్ని భుజాల మీదెక్కించుకుని మరీ చూపించేవారు. ఆ ఏడాదే వీసాలు మార్చుకునే వీలు మూసేశారు. అహ్మది బావ నా చోటులో ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. “నేనేం చెయ్యను బావా, బండ్లు ఆగవు కదా” అన్నాడు. నిజమే, ఆగవు.

అయినా బగ్గీని మాత్రం పాడవనివ్వలేదు. దుమ్ము తుడిచాను, కార్బురేటర్లు ఖాళీ చేశాను, రబ్బరు గొట్టాలు ఎండిపోకుండా మార్చాను. నేను చేసినవాటిలో నాదని చెప్పుకోదగ్గది అదొక్కటే.

కొన్నాళ్లకి కొత్తాయనకి మోజు తీరింది. బటన్ నొక్కితే లేచే ఫోర్‌స్ట్రోక్ బండి కావాలన్నాడు. సరిగ్గా అప్పుడే వీసాలు మార్చుకునే వీలు మళ్లీ ఇచ్చారు. బేరానికి వచ్చినాయన ముసలి కువైటీ. గోళ్ల కింద గ్రీజు. షుఐబా దారిలో సొంత గ్యారేజీ ఉందట. గ్యారేజీ! నా గుండె కిక్కు లేకుండానే స్టార్టయింది. ఒంటెలు, గడ్డం, అన్నీ చెప్పాను. “నేను లేకపోతే ఇది లేవదు సార్, దీనికి నా గొంతే తెలుసు.” కొత్తాయన కూడా, “ఇద్దర్నీ తీసుకో, వీడు లేకపోతే ఇనుమే” అన్నాడు.

ముసలాయన బండి దగ్గరికి వచ్చి వంగాడు. ట్యాపు తిప్పాడు. చిన్న గాజు గ్లాసులో ఇచ్చిన టీని నిలబడే, నింపాదిగా, అడుగున చక్కెర దాకా తాగాడు. గ్లాసు నా చేతికిచ్చి ఒక్క కిక్కు కొట్టాడు.

లేచింది.

దివానియా అంతా విరగబడి నవ్వింది. ఆయన నవ్వలేదు. గొట్టం మీద చెయ్యి పెట్టి కాసేపు విన్నాడు. బండి ఆపి, ఒక ప్లగ్గు ఊడదీసి వెలుతురుకి పట్టి చూశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

“జేన్, భేష్. చాలా బాగా చూసుకున్నావు. దీనికి ఇప్పట్లో మెకానిక్ అవసరమే ఉండదు.”

బండిని తీసుకుని వెళ్లిపోయాడు. మంత్రం పని అయిపోయింది గనక మర్నాటి నుంచి పిల్లల్ని బడికి దింపమన్నాడు మా కఫీల్. పిల్లలు మంచివాళ్లు. దారిలో కథ చెప్పమని వెనక సీట్లోంచి నా మెడ పట్టుకుని ఊపేవారు. నాకు అరబ్బీ రాదని చెప్పేవాణ్ణి.