మూడింతలైన బోటు నంబరు

సాయంత్రం నుంచి ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. మీకూ చెప్పేస్తే గానీ ఆగేలా లేదు.

సెలవు కదా అని కోట అనే ఊరి దగ్గర తీరంలో ఉండే అక్క వాళ్లింటికి వెళ్లాను. బావ చేపల వేటకు వెళ్తారు. వల కొట్టుకుపోయినా ఎవరిదో తెలియాలని, దాని మీద తేలే బెండ్లకు ఒక్కోదానికి ఒక్కో అంకె చొప్పున తన బోటు నంబరు 142857 రాశారు. వరసగా కట్టే పని అక్కది. ఒకటి అంకె మీద పెయింటు ఆరలేదని అక్క దాన్ని పక్కన పెట్టి, చివర్లో కట్టేసింది.

"ఇదేంది మే, 428571 అని కట్టినావు? ఇది ఎవురి బోటు?" అని బావ కసురుకున్నారు. అక్క మొహం మాడిపోయింది.

నేను లెక్కల టీచర్ని. ఆ అంకెలు చూడగానే గంతేసి ఫోన్లో క్యాలిక్యులేటర్ తీశాను. 142857ను మూడుతో హెచ్చిస్తే సరిగ్గా 428571. రెండు నుంచి ఆరు దాకా దేనితో హెచ్చించినా ఇవే అంకెలు, ముందువి కొన్ని వెనక్కి జరుగుతాయంతే. ఏడుతో అయితే అన్నీ తొమ్మిదులే. ఇసకలో కూర్చోబెట్టి బావ చేతే అన్నీ కొట్టించాను.

అక్క తీరిగ్గా చీర దులుపుకుని లేచింది.

"ఉండే బోటు ఒకటే గదా. మూడు చేసి ఇచ్చినాను."

బావ వలను అలాగే బోటులో వేసుకున్నారు. అది ఎక్కడైనా కొట్టుకొచ్చి మీకు దొరికితే, దయచేసి నంబరును మూడుతో భాగించి తెచ్చివ్వండి.